టిక్ టిక్‌మంటున్న పికప్ గురించి అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను, వీడియో కూడా చూశాను. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే టిక్ టిక్‌మంటోందని, ఊరు దాటి కొంత దూరం పోయాక తగ్గిపోతోందని, మళ్లీ మిర్చి లోడుతో కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వినిపిస్తోందని రాశావు. మీ ఊరి మెకానిక్ బానెట్ ఎత్తి, కాసేపు విని, "టాపెట్లు పోయాయి, హెడ్ దించాల్సిందే" అన్నాడని కూడా రాశావు. టెన్షన్ పడకు. టాపెట్లంటే వాల్వుల్ని నొక్కి తెరిచే ముక్కలు, హెడ్ అంటే అవి ఉండే ఇంజన్ పై భాగం, దాన్ని దించడానికి ఇప్పుడేం తొందర లేదు. నువ్వు రాసిన ఆ మూడు ముక్కలు చదివితే నా అనుమానం హెడ్ లోపలికి పోవడం లేదు, దాని పక్కకి పోతోంది. అలాగని వీడియో చూసి జబ్బు తేల్చేయను. ఫోన్ మైకు చిన్న శబ్దాన్ని పెంచుతుంది, పెద్దదాన్ని అణిచేస్తుంది. బండి దగ్గర ఉన్నది నువ్వు కాబట్టి చూడాల్సింది నువ్వే. ఎలా చూడాలో రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

శబ్దం ఎక్కడ నుంచి వస్తోందని వెతకడం తర్వాతి పని. ముందు అది ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అన్నది ఒక కాగితం మీద రాసుకో. ఇంజనంతా కలిసి ఒకే ఇనుప ముద్ద. ఒక మూల కొట్టుకుంటే ఆ అదురు పాకి ఇంకో మూల వినిపిస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు కూడా చోటు విషయంలో బోల్తా పడతారు. టైము విషయంలో అంత తేలిగ్గా పడరు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? స్లోలోనా (యాక్సిలరేటర్ తొక్కనప్పుడా), రేస్ ఇచ్చినప్పుడా (తొక్కినప్పుడా)? ఖాళీ బండిలోనా, లోడులోనా? క్లచ్ తొక్కితే మారుతోందా? ఏసీ ఆపితే మారుతోందా? ఈ ప్రశ్నలకు జవాబులు లేకుండా పానా పట్టుకునే మెకానిక్ దగ్గర బండి వదలకు.

తేలిగ్గా తేలిపోయేవి ముందు తీసేద్దాం. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, రేస్ ఇచ్చి విను. అప్పుడు శబ్దం లేకుండా రోడ్డు మీద నడుస్తున్నప్పుడు మాత్రమే వస్తుంటే ఇంజన్‌కి సంబంధం లేకపోవచ్చు. టైరు గాడిలో కంకర రాయి ఇరుక్కుని రోడ్డుకి కొట్టుకుంటుంటే ఇంజన్ విప్పించడానికి తెచ్చినవాళ్లు ఆటోనగర్‌లో ఉన్నారు, నవ్వకు. బెల్టు అంచున పోగు లేచి కవరుకి తగులుతున్నా, సైలెన్సర్ మీది వేడి రేకు బోల్టు వదులైనా, ఫ్యాన్ రెక్క కవరుకి రాసుకుంటున్నా టిక్ టిక్ అనే వస్తుంది. ఇవన్నీ ఇంజన్ ఆపి, టార్చిలైటు వేసి, కంటితో చూస్తే దొరికేవే.

డీజిల్ ఇంజన్ కొంత చప్పుడు చేయడం సహజం. మీది కామన్ రైల్ బండి, అంటే ఒకే గొట్టంలో బాగా ప్రెషర్‌తో ఉన్న డీజిల్‌ని అన్ని సిలిండర్లకీ పంచేది. అందులో డీజిల్ చల్లే ఇంజెక్టర్లు తెరుచుకుని మూసుకునే చప్పుడు ఎప్పుడూ ఉంటుంది. సీఎన్‌జీ బండ్లలో గ్యాస్ ఇంజెక్టర్లు కూడా అంతే, టకటకమంటూనే ఉంటాయి. తేడా పట్టడానికి ఒక లెక్క చెప్తాను. స్లోలో 800 ఆర్పీఎం అనుకో. అంటే నిమిషానికి 800 చుట్లు, పిస్టన్లు తిప్పే క్రాంకు సెకనుకి 13 సార్లు తిరుగుతుంది. వాల్వుల్ని నడిపే క్యామ్ షాఫ్ట్ అందులో సగం, 6 నుంచి 7 సార్లు. ఒక్క సిలిండర్ టాపెట్ అయినా, ఒక్క ఇంజెక్టర్ అయినా, ఒక్క పొగ దారి దగ్గర లీకైనా సెకనుకి ఆ ఆరేడు దెబ్బలే వినిపిస్తాయి. చెవి వాటిని విడివిడిగా పట్టుకోగలదు. నాలుగు సిలిండర్లూ కలిసి చేస్తే సెకనుకి 26, 27 దెబ్బలు పడి విడిగా తెలియకుండా ఒకే బరబర అయిపోతుంది. నీ వీడియోలో వినిపించింది విడివిడి టిక్కే. అంటే ఒక చోట, ఒక సిలిండర్ దగ్గరే ఏదో ఉందన్నమాట. అన్ని టాపెట్లూ ఒకేసారి పోయాయన్న మాట నేను నమ్మకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఇప్పుడు ఆయిల్. దీన్ని చూడకుండా మిగతా ఏదీ ముట్టుకోవద్దు. పొద్దున్న బండి సమంగా ఉన్న చోట, సెల్ఫ్ కొట్టకముందే ఆయిల్ కొలిచే డిప్ స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడు. లెవెల్ తక్కువైతే సంగతి తెలిసిపోయినట్టే. ఎక్కువైనా మంచిది కాదు. బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాక, అంటే 2020 ఏప్రిల్ తర్వాత, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ బండ్లలో ఒక కొత్త తలనొప్పి మొదలైంది. ఆ ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చడానికి చాలా బండ్లలో ఇంజన్ అదనంగా డీజిల్ చల్లుకుంటుంది. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులు కొడుతూ ఆ కాల్పు సగంలో ఉండగానే ఇంజన్ ఆపేస్తుంటే, కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్లో కలుస్తుంది. లెవెల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, ఆయిల్ నీళ్లలా పలచబడుతుంది, ఇంజన్ టకటకలాడుతుంది. డిప్ స్టిక్ వాసన చూస్తే డీజిల్ తెలిసిపోతుంది. ఆ ఆయిల్ వెంటనే మార్చాలి.

ఏ ఆయిల్ పోశావన్నది కూడా ముఖ్యం. మాన్యువల్లో ఏ గ్రేడు రాసి ఉంటే అదే. పాత డీజిళ్లకి 15డబ్ల్యూ-40 మామూలు. డీపీఎఫ్ ఉన్నవాటికి బూడిద తక్కువగా మిగిల్చే ఆయిల్ కావాలి, అది డబ్బా మీద రాసి ఉంటుంది. నీది సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఇంకో మాట. అమ్మేవాళ్లలో కొందరు చప్పుడు దాచడానికి చిక్కటి ఆయిల్ పోస్తారు, లేకపోతే మందు డబ్బా ఒకటి కలుపుతారు. కొన్నవాడు మొదటిసారి ఆయిల్ మార్చగానే దాగి ఉన్న శబ్దం బయటపడుతుంది. నువ్వు కొన్నాక ఆయిల్ మార్చావా, శబ్దం అంతకుముందు ఉందా, తర్వాత వచ్చిందా అన్నది గుర్తు చేసుకుని రాయి. నువ్వు మాత్రం ఆ డబ్బాల జోలికి పోకు.

సెల్ఫ్ కొట్టిన రెండు మూడు సెకన్లు మాత్రమే టకటకలాడి ఆగిపోతుంటే అది రాత్రంతా కిందికి దిగిపోయిన ఆయిల్ మళ్లీ పైకి ఎక్కే లోపు వచ్చే చప్పుడు. నాసిరకం ఆయిల్ ఫిల్టర్ వేసినా అలా వస్తుంది, ఎందుకంటే మంచి ఫిల్టర్లో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు ఉంటుంది. నీ శబ్దం సెకన్లలో పోవడం లేదు, కిలోమీటర్లు పోయాక పోతోంది. ఈ తేడా గుర్తుంచుకో.

టాపెట్ల సంగతి చెప్తాను, ఎందుకంటే ఇంజన్ టిక్ టిక్ అంటే అందరి నోటా మొదట వచ్చేది అదే. టాపెట్ గ్యాప్ పెరిగితే హెడ్ పైనుంచి కుట్టుమిషన్ నడుస్తున్నట్టు తేలికైన, తెగని చప్పుడు వస్తుంది. రేస్ ఇస్తే దానితోపాటే వేగం పెరుగుతుంది. లోడుతో దానికి పెద్ద సంబంధం లేదు. ఖాళీగా వెళ్లినా, నిండుగా వెళ్లినా అంతే. నీ శబ్దం లోడు పడితే తిరిగి వస్తోంది కదా, అక్కడే టాపెట్ లెక్క తప్పుతోంది. నీ ఇంజన్లో స్క్రూ తిప్పి సరిచేసే టాపెట్లున్నాయో, ఆయిల్ ప్రెషర్‌తో తమంతట తామే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లున్నాయో మాన్యువల్లో చూడు. హైడ్రాలిక్ అయితే గ్యాప్ పెట్టే పనే ఉండదు. "టాపెట్ సెట్టింగ్ చేశాను" అని ఎవరైనా డబ్బులడిగితే ఏం తిప్పావో చూపించమను. స్క్రూ టైపు అయితే ఇంజన్ ఎలా ఉన్నప్పుడు గ్యాప్ చూడాలో మాన్యువల్ చెప్తుంది, ఎక్కువ ఇంజన్లలో పూర్తిగా చల్లారాకే. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) పెట్టి, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు వరసగా పేలే క్రమం) ప్రకారం ఒక్కొక్క సిలిండర్ చూడాలి. నాలుగు సిలిండర్లలో ఎక్కువగా ఉండేది 1-3-4-2. చప్పుడు రాకూడదని గ్యాప్ మరీ బిగించేవాళ్లున్నారు. వదులు టాపెట్ చప్పుడు చేస్తుంది, బిగుతు టాపెట్ చప్పుడు చేయకుండా వాల్వును కాల్చేస్తుంది. మొదటిదానితో కొన్నాళ్లు తిరగొచ్చు, రెండోది వాల్వు పోయేదాకా తెలియదు.

ఇక చెవి పెట్టి వినడం. పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, కొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకి ఆనించు. మెకానిక్ స్టెతస్కోప్ దొరికితే ఇంకా మంచిది, ఖరీదు ఎక్కువేం కాదు. హెడ్ కవరు మీద ఒక్కో సిలిండర్ దగ్గర, ఇంజెక్టర్ల పక్కన, కింద ఆయిల్ నిలిచే సంపు దగ్గర, ముందు టైమింగ్ కవరు మీద, ఆల్టర్నేటర్ మీద వరసగా పెట్టి విను. పక్కపక్క చోట్ల తేడా పట్టు, మొత్తం మీద ఎంత గట్టిగా ఉందని కాదు. మెడలో తువ్వాలు, గొలుసు, వదులు చొక్కా చేతులు ఉండకూడదు. ఫ్యాను, బెల్టు తిరుగుతున్న వైపు వంగకు. కొన్ని బండ్లలో ఎలక్ట్రిక్ ఫ్యాన్ చెప్పాపెట్టకుండా తిరగడం మొదలెడుతుంది.

స్క్రూడ్రైవర్‌తో లోహం కొట్టుకునే శబ్దమే తెలుస్తుంది. గాలి లీకు దానితో దొరకదు. నా అనుమానమేమో గాలి మీదే. మీటరు పొడవు రబ్బరు గొట్టం ఒకటి తీసుకుని, ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొనను ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (హెడ్ పక్కన సిలిండర్ల పొగని కలిపి బయటికి పంపే గొట్టం) వెంట మెల్లగా జరుపు. తగలనివ్వకు, దగ్గరగా పెడితే చాలు. హెడ్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య ప్యాకింగ్ ఎక్కడ ఊడినా అక్కడ టిక్‌తోపాటు "తుస్" అన్న గాలి ముక్క ఒకటి గొట్టంలో స్పష్టంగా వినిపిస్తుంది. మానిఫోల్డ్ పోత ఇనుముతో చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు సందు తెరుచుకుని ఉంటుంది, ప్రతి ఎగ్జాస్ట్ దెబ్బకీ అందులోంచి పొగ తన్నుకొస్తుంది, బయటికి అది టాపెట్ చప్పుడులాగే వినిపిస్తుంది. వేడెక్కాక ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది, శబ్దం పోతుంది. లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు లోపల ఒత్తిడి పెరిగి మళ్లీ సందు దొరికించుకుంటుంది. నువ్వు రాసిన మూడు లక్షణాలకీ ఇది సరిపోతుంది. పిస్టన్ చప్పుడు కూడా చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక పోతుంది, నిజమే. కానీ అది టిక్ కాదు, కాస్త మొద్దుగా, లోపల నుంచి వస్తుంది, లోడు మీద ఇలా తుస్సుమంటూ తిరిగి రాదు.

కంటికి కూడా సాక్ష్యం దొరుకుతుంది. ఇంజన్ ఆపి చల్లారాక టార్చి వేసి ప్యాకింగ్ వెంట చూడు. లీకున్న చోట నల్లటి మసి విసనకర్ర ఆకారంలో చిమ్మి ఉంటుంది. మానిఫోల్డ్‌ని హెడ్‌కి పట్టి ఉంచే స్టడ్లు (తల లేని బోల్టులు), నట్లు లెక్కపెట్టు. మొదటి, చివరి సిలిండర్ల దగ్గర స్టడ్ విరిగి నట్టు మాయమై ఉండటం మామూలే, పొడుగ్గా ఉన్న మానిఫోల్డ్ సాగి కుంచించుకుపోయే జోరంతా ఆ చివరల మీదే పడుతుంది. మానిఫోల్డ్‌కీ టర్బోకీ (పొగ జోరుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టేది) మధ్య ఉన్న ప్యాకింగ్ కూడా చూడు. టర్బో ముందు లీకైతే బండి లాగడం తగ్గి, నల్లపొగ పెరుగుతుంది. అప్పటికీ తేలకపోతే, చల్లటి ఇంజన్ ఆపి ఉండగా సైలెన్సర్ గొట్టంలోకి దుమ్ము ఊదే బ్లోయర్‌తో గాలి పంపి, మానిఫోల్డ్ మీద సబ్బు నీళ్లు చల్లు. లీకు దగ్గర బుడగలు లేస్తాయి. ఈ లోపు ఒక జాగ్రత్త: క్యాబిన్‌లోకి పొగ వాసన వస్తుంటే అద్దాలు దించుకునే నడుపు, బండి స్టార్ట్‌లో పెట్టి లోపల పడుకోవద్దు. మూసిన షెడ్డులో ఇంజన్ నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

లీకు అదే అని తేలితే పని చేయించే పద్ధతి కూడా తెలుసుకో, ఎందుకంటే చిన్న పనిని పెద్దది చేసుకునేది ఇక్కడే. విరిగిన స్టడ్‌ని బలవంతంగా తిప్పితే హెడ్‌లోనే ముక్కలవుతుంది. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నాననివ్వాలి. బయటికి మిగిలిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తే, ఆ వేడికే సగం వదులవుతుంది, ఆ నట్టుని పట్టుకుని మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయాలి. వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ వైర్లు తీయించు. మానిఫోల్డ్ దించాక దాని ముఖం మీద సరళపట్టీ పెట్టి వంకర ఉందేమో చూడమను, ఉంటే ఫేసింగ్ చేయించాలి, అంటే చదును చేయించాలి. వంకర ముఖానికి కొత్త ప్యాకింగ్ వేసినా కొన్నాళ్లకే మళ్లీ ఊదుతుంది. స్టడ్ల బదులు షాపులో దొరికిన మామూలు బోల్టులు వేయనివ్వకు, ఆ వేడికి అవి సాగిపోతాయి. బిగించడం మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకి, టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానాతో).

మానిఫోల్డ్ బాగానే ఉంటే తర్వాత చూడాల్సింది ఇంజెక్టర్ కింద కాపర్ వాషర్. అది వదిలితే సిలిండర్లో ప్రెషర్ పైకి తన్నుతుంది, అదీ టిక్, తుస్ అనే వస్తుంది. పై కవరు తీసి చూస్తే ఇంజెక్టర్ మొదట్లో తారు కారినట్టు నల్లగా గడ్డకట్టి ఉంటుంది. దీన్ని వదిలేస్తే ఆ మసి గట్టిపడి ఇంజెక్టర్‌ని ఊడిరానివ్వదు, అప్పుడు నిజంగానే హెడ్ దించాల్సి రావచ్చు. వాషర్ ఎప్పుడూ కొత్తదే వేయాలి, పాతదాన్ని కాల్చి వాడే అలవాటు ఇప్పటి ఇంజన్లకి పనికిరాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తున్నాను. కామన్ రైల్‌కి ముందు వచ్చిన పాత పంపు బండ్లలో ఏ సిలిండర్ చప్పుడో తెలుసుకోవడానికి ఇంజన్ నడుస్తుండగా డీజిల్ పైపు నట్టు వదులు చేసేవాళ్లం. కామన్ రైల్ బండిలో ఆ పని ఎవరు చేస్తానన్నా చేయి పట్టుకుని ఆపు. నీ వెనక టైరులో గాలి ప్రెషర్ 5 బార్ ఉంటుందేమో, ఆ పైపులో పరుగు మీద 1,000 బార్ దాటుతుంది. అంత ప్రెషర్‌తో చిమ్మిన డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరుతుంది. పైకి చిన్న గాటులా కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చు, లోపల కండ చెడిపోయి వేలు, చేయి తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే కట్టు కట్టుకుని కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ వైరు పిన్నులు ఊడదీయడం కూడా వద్దు, వాటిలో వచ్చేది బ్యాటరీ 12 వోల్టులు కాదు, అంతకంటే బాగా ఎక్కువ. స్కానర్ ఉన్న షెడ్డులో ఒక్కొక్క సిలిండర్‌ని కంప్యూటర్ ద్వారా ఆపి చూస్తారు. ఒక సిలిండర్ ఆపగానే శబ్దం పోయినా, బాగా తగ్గినా ఆ సిలిండర్ ఇంజెక్టరో, దాని పొగ లీకో, బేరింగో. ఏ సిలిండర్ ఆపినా శబ్దం మారకపోతే టాపెట్ వైపు చూడాలి.

బెల్టు వైపు అనుమానమొస్తే, చల్లటి ఇంజన్‌కి బెల్టు తీసి అర నిమిషం నడిపి వింటే ఆల్టర్నేటరో, టెన్షనరో, పంపో కాదో అవునో తేలుతుంది. అంతకంటే నడపకు, చాలావాటిలో వాటర్ పంపు ఆ బెల్టు మీదే తిరుగుతుంది. టైమింగ్ బెల్టు జోలికి మాత్రం అస్సలు పోకు. క్లచ్ తొక్కగానే శబ్దం మారితే ముందు గేర్ బాక్సు, క్లచ్ వైపు వెతకాలి.

అన్నిటికంటే భయపడాల్సింది కింద నుంచి వచ్చే బరువైన దెబ్బ. టిక్ కాదు, టక్ టక్ అని, రేస్ ఇచ్చినా లోడు పడినా గట్టిపడుతూ, వేడెక్కే కొద్దీ పెరుగుతూ వస్తే అది కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కడ్డీ) బేరింగు కావచ్చు. డాష్ బోర్డు మీద ఆయిల్ లైటు వెలిగితే రోడ్డు పక్కకి తీసి ఇంజన్ ఆపేయ్. "షెడ్డు దగ్గర్లోనే ఉంది కదా" అని నడపొద్దు, టోయింగ్ ఖర్చు క్రాంకు ఖర్చు ముందు ఏ మూలకీ రాదు. ఆయిల్ మార్చేటప్పుడు పాత ఆయిల్‌ని తెల్లగుడ్డలో వడకట్టి, ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడు. మెరిసే పొడి కనిపిస్తే అయస్కాంతం పెట్టు. అంటుకుంటే ఉక్కు, క్యామో, వాల్వుని నొక్కే రాకరో అరుగుతుండొచ్చు. అంటుకోకుండా రాగి రంగులోనో, తెల్లటి బూడిద రంగులోనో ఉంటే బేరింగు మీద అనుమానం. ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీసి ఆ చోట గేజ్ బిగించి కొలిపిస్తే ఇంకో రుజువు దొరుకుతుంది, ఎంత ఉండాలో మాన్యువల్లో ఉంటుంది. హెడ్ దించడం, సంపు దించడం అన్న మాటలు ఇవన్నీ అయ్యాకే.

మీ మెకానిక్‌తో గొడవ పడకు. అతను చెడ్డవాడని నేననడం లేదు, తొందరపడ్డాడు, అంతే. హెడ్ విప్పే ముందు మానిఫోల్డ్ లీకు చూశావా, ఆయిల్ ప్రెషర్ కొలిచావా అని మర్యాదగా అడుగు. కొలవలేదంటే ఆ పని చేశాక మాట్లాడదామను. ఏ భాగం మార్చినా పాతది నీ చేతికివ్వమను.

ఈ వారం రాసుకున్న కాగితం ఫోటో తీసి పంపు. చల్లటి ఇంజన్ సెల్ఫ్ కొట్టిన దగ్గర నుంచి శబ్దం పోయేదాకా ఆపకుండా తీసిన వీడియో ఇంకొకటి పంపు, ఫోన్ ఒకేచోట పెట్టి తీయి. మిర్చి యార్డుకి లోడు ఒప్పుకున్నావని అక్కయ్య చెప్పింది. ఆయిల్ లెవెల్ సరిగ్గా ఉండి, లైటు వెలగకుండా, శబ్దం ఇప్పటిలాగే ఉంటే తక్కువ లోడుతో వెళ్లొచ్చు. గట్టిపడితే వేరే బండి మాట్లాడు. ఆదివారం నేను చూస్తాను, కానీ ఆ పొద్దున్న నడుపుకుంటూ వస్తే ప్రయోజనం లేదు, ఇక్కడికి వచ్చేసరికి శబ్దం పోయి ఉంటుంది. శనివారం సాయంత్రమే తెచ్చి ఆటోనగర్ షెడ్డులో పెట్టేసి, తాళం నా దగ్గర వదిలి, రాత్రికి ఇంట్లో పడుకో. నేను పక్కన లేకుండా పొద్దున్నే సెల్ఫ్ కొట్టకు.

మీ మామయ్య